తిరుగు నీటి వెంట వచ్చే ఉప్పు

(డాక్టర్ కానూరి లక్ష్మణరావు స్మృతిలో హుజూర్‌నగర్‌లో చేసిన ప్రసంగ పాఠం)



1902లో కంకిపాడులో పుట్టి 1986లో కన్నుమూసిన కె.ఎల్. రావు గారి జీవితమంతా నీటి చుట్టూనే సాగింది. నాగార్జునసాగర్ రూపకల్పనలో ఆయన మేధస్సు ఉంది. 1963 నుంచి పదేళ్లపాటు కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్తు వ్యవహారాలు చూశారు. దేశ జలసంపద మీద 1975లో పెద్ద పుస్తకం రాశారు. మన పక్కనే పులిచింతల వద్ద కృష్ణకు కట్టిన జలాశయం ఆయన పేరుతోనే ఉంది. ఆయన తరానికి ఎదురైన ప్రశ్న స్పష్టమైనది: సముద్రం పాలవుతున్న నీటిని ఎండిన పొలానికి చేర్చడం ఎలా? 1955 డిసెంబరు 10న సాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. హుజూర్‌నగర్, నేరేడుచర్ల, గరిడేపల్లి, మట్టంపల్లి ప్రాంతాల్లో జొన్న, ఆముదం పండిన మెట్టలు వరి మళ్లయ్యాయి. ఆ ప్రశ్నకు ఆ తరం గొప్ప జవాబే చెప్పింది.

ఆ జవాబు వల్ల తిండి తిన్న మనకు ఇప్పుడు మరో ప్రశ్న ఎదురైంది. పొలానికి వెళ్లిన నీటిలో కొంత మళ్లీ నదికి వస్తుంది. వచ్చేటప్పుడు అది ఏం మోసుకొస్తోంది? ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే: కృష్ణ నీటిని చుక్క చుక్కా పంచుకున్న మనం, ఆ నీటిలోని ఉప్పును ఎవరి లెక్కలోనూ వేయలేదు. ఆ లెక్క మొదలుపెట్టకపోతే పొలమూ నష్టపోతుంది, నదీ నష్టపోతుంది.

ముందు ఉప్పు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. నేను ఉప్పు అంటున్నది వంటింటి ఉప్పు ఒక్కదాన్నే కాదు. వాన నీరు రాళ్ల మీద, మట్టిలో పారుతూ కాల్షియం, మెగ్నీషియం, సోడియం, బైకార్బొనేట్లు, క్లోరైడ్లు, సల్ఫేట్లు కరిగించుకుంటుంది. అన్నీ కలిసి నీటిలో కరిగిన లవణాలు. ఎంత తియ్యటి నది నీటిలోనైనా ఇవి ఉంటాయి. ఉండాలి కూడా, అవి లేకపోతే నీటికి రుచే ఉండదు. నది సహజంగా పారినంత కాలం ఇవి సముద్రానికి చేరిపోతాయి. అందులో ఏ ఇబ్బందీ లేదు.

సేద్యం మొదలైనప్పుడు ఈ వరస మారుతుంది. వరి మొక్క వేరుతో నీటిని పీల్చుకుంటుంది, లవణాల్లో తనకు కావలసిన కాస్త తప్ప మిగతావి బయటే వదిలేస్తుంది. ఎండ నీటిని ఆవిరి చేస్తుంది, లవణాన్ని ముట్టుకోదు. చినగంజాం ఉప్పు కొటార్లలో సముద్రపు నీటిని మళ్లలోకి పెట్టి, ఎండకు నీరు పోయాక ఉప్పును ఎత్తుకుంటారు కదా. మన వరి మడిలోనూ అదే జరుగుతుంది. మన నీటిలో ఉప్పు చాలా తక్కువ కనుక అది కంటికి కనిపించడానికి ఏళ్లు పడుతుంది, అంతే.

కాగితం మీద లెక్క వేద్దాం. కాలువ నీటిలో లీటరుకు 300 మిల్లీగ్రాముల లవణాలు ఉన్నాయనుకోండి. ఇది మంచి నీరే. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన మేలైన హద్దు 500 మిల్లీగ్రాములు. ఒక పంట వరికి మొత్తం 120 సెంటీమీటర్ల నీరు పెట్టామనుకుందాం. ఎకరానికి అది దాదాపు 4,850 ఘనపు మీటర్లు. ఆ నీటితో పాటు ఆ ఎకరంలోకి వచ్చిన లవణం 14 క్వింటాళ్లు దాటుతుంది. ఒక్క పంటకే ఇంత. రెండు పంటలకు దాదాపు 29 క్వింటాళ్లు. మంచి కారులో ఎకరం ఇచ్చే ధాన్యం తూకానికి ఇది దగ్గర్లో ఉంది. ఒక టీఎంసీ నీటికి లెక్క కడితే దాదాపు 8,500 టన్నులు. టీఎంసీల గురించి ఊరూరా మాట్లాడుకుంటాం. ఆ టీఎంసీ వెంట వచ్చే టన్నుల గురించి ఎవరూ మాట్లాడరు.

ఇంత ఉప్పూ ఎటు పోతుంది? మూడు దారులున్నాయి. కొంత మట్టిలో సున్నంగా పేరుకొని అక్కడే నిలిచిపోతుంది, దానివల్ల ఉప్పదనం పెరగదు. కొంత వేరు మండలంలో మిగులుతుంది. మిగతాది నీటితో పాటు కిందికి దిగి, భూగర్భ జలంలోకో, మురుగు కాలువలోకో, ఒర్రెలోకో, వాగులోకో, చివరికి నదిలోకో చేరుతుంది. పది పాళ్ల నీరు పెట్టినప్పుడు ఎనిమిది పాళ్లు ఆవిరై రెండు పాళ్లే తిరిగి నదికి వస్తే, పది పాళ్ల ఉప్పూ ఆ రెండు పాళ్లలోనే ఉంటుంది. 300 మిల్లీగ్రాముల నీరు 1,500 మిల్లీగ్రాముల నీరవుతుంది. మట్టిలో కొంత నిలిచిపోయినా నీరు చిక్కబడటం మాత్రం తప్పదు. పైగా కాలువ ఊట, మళ్ల ఊట భూమి లోపలికి దిగేటప్పుడు ఆ పొరల్లో ఎప్పటినుంచో ఉన్న లవణాలను కూడా కరిగించుకొస్తాయి. ఎరువులు తమ వాటా కలుపుతాయి. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ బరువులో సగానికి కాస్త తక్కువ క్లోరైడే. పంటకు పొటాష్ అందాక క్లోరైడ్‌లో ఎక్కువ భాగం నీటితో కొట్టుకుపోతుంది.

పొలంలో మిగిలిన ఉప్పు సంగతి మీకు చెప్పనక్కర్లేదు. కాలువ ఎగువన ధారాళంగా పెట్టిన నీరు పల్లపు మళ్లలో జాలు పడుతుంది. భూగర్భ నీటిమట్టం పైకి లేచి నేలకు మీటరు, రెండు మీటర్ల దగ్గరకు చేరితే, ఎండాకాలంలో అది మట్టి సందుల గుండా పైకి ఎగబాకి, ఆవిరై, ఉప్పును పైన వదిలేస్తుంది. తెల్లగా పూసేది పాలచౌడు. సోడియం పెరిగి, మట్టి కట్టు తప్పి, నల్లగా జిగటగా అయ్యేది కారుచౌడు. చౌడు తేలిన మడిలో నారు పచ్చబడదు, కొసలు ఎండుతాయి, జింకు అందదు. ఉప్పదనాన్ని డెసీసీమెన్‌లలో కొలుస్తారు; నేల ఉప్పదనం మీటరుకు 3 డెసీసీమెన్‌లు దాటాక ఒక్కో యూనిట్ పెరిగినప్పుడల్లా వరి దిగుబడి దాదాపు 12 శాతం చొప్పున పడిపోతుందని లెక్క. పక్క మడి బాగుండి మన మడి ఎందుకు చెడిందో అర్థం కాక రైతు విత్తనాన్నో, మందునో తప్పుపడతాడు. అసలు కారణం చాలాసార్లు పైన నీరు ఎక్కువ కావడం, కింద మురుగు పోకపోవడం.

ఇక నది సంగతి. దాన్ని మన కళ్లెదుటే చూపించే నది మూసీ. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు మీదుగా, సోలిపేట దగ్గరి మూసీ ప్రాజెక్టు దాటి, వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. ఆ సంగమం మన ప్రాంతానికి గడప. హైదరాబాదు తాగే నీటిలో పెద్ద భాగం నాగార్జునసాగర్ నుంచి ఎక్కిన కృష్ణ నీరే. నగరంలో ఆ నీటికి సబ్బులు, ఉప్పులు, పరిశ్రమల వ్యర్థాలు కలుస్తాయి. మురుగు శుద్ధి కేంద్రం దుర్గంధాన్ని, కుళ్లును, క్రిములను తగ్గిస్తుంది, నీటిలో కరిగిన ఉప్పును తీయదు. చాలామందికి తెలియని విషయం ఇది. శుద్ధి చేశారు కదా అని నిశ్చింతగా ఉంటాం, ఉప్పు మాత్రం చెక్కుచెదరకుండా కిందికి వస్తుంది.

ఆ నీటిని కత్వల, అంటే చిన్న ఆనకట్టల, దగ్గర ఆపి ఆసిఫ్ నహర్, పిలాయిపల్లి, ధర్మారెడ్డిపల్లి, భీమలింగం కాలువల్లో పొలాలకు మళ్లిస్తారు. పంటలు నీటిని తాగుతాయి, మిగిలింది మరింత చిక్కబడి మూసీకి వస్తుంది. కింది కత్వ దగ్గర మళ్లీ ఎక్కుతుంది, మళ్లీ వస్తుంది. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు ఈ నదీ పరీవాహకంలో మురుగు నీటి సేద్యం వల్ల పెరుగుతున్న ఉప్పు గురించి 2008లో ఒక పత్రం ప్రచురించారు. హైదరాబాదు శివారు మూసీ ఒడ్డున కొందరు వరి వదిలి పశుగ్రాసానికి మళ్లిన సంగతి మనందరికీ తెలుసు. చివరికి వాడపల్లిలో మూసీ నీరు కృష్ణకు చేరేసరికి అది ఒక నగరాన్ని, ఎన్నో ఆయకట్లను దాటి వచ్చిన నీరు. సాగర్ నుంచి విడుదల తగ్గిన నెలల్లో, మట్టపల్లి నరసింహస్వామి గుడి ముందు పారే నదిలో, పులిచింతలలో నిలిచే నీటిలో ఈ తిరుగు నీటి వాటా సహజంగానే పెరుగుతుంది. అదే నీరు విజయవాడ ప్రకాశం బ్యారేజీకి వెళుతుంది, డెల్టా వరికి వెళుతుంది, తాగునీటికి వెళుతుంది.

మూసీ ఒక్కటే ఇలా ఉందనుకోవద్దు. కృష్ణ పైభాగంలో ఈ కథ నూరేళ్ల కిందే మొదలైంది. మహారాష్ట్రలో నీరా నది మీద ఎడమ కాలువ 1885లో తెరిచారు. చెరకు, ధారాళమైన నీరు, మురుగు దారులు లేని నల్లరేగడి. పాతికేళ్లు గడిచాక, 1910లో, హెరాల్డ్ మాన్, తమ్హానే అనే శాస్త్రజ్ఞులు నీరా లోయలోని ఉప్పు నేలల మీద బొంబాయి వ్యవసాయ శాఖ తరఫున ఒక నివేదికే రాయాల్సి వచ్చింది. నీరా భీమలో, భీమ కృష్ణలో కలుస్తుంది. 1953లో పూర్తయిన తుంగభద్ర ఆనకట్ట కింది ఆయకట్టులో ఎక్కువ భాగాన్ని జొన్న, పత్తి లాంటి ఆరుతడి పంటలకు ఉద్దేశించారు. కోస్తా నుంచి వెళ్లి గంగావతి, సింధనూరు చుట్టూ క్యాంపులు కట్టుకున్న మన తెలుగు రైతులు అక్కడ కష్టపడి వరి నిలబెట్టారు, ఆ ప్రాంతాన్ని అన్నపూర్ణ చేశారు. వరి నీటితో పాటు జాలు, చౌడు కూడా వచ్చాయి. ఉప్పు నేలల మీద పనిచేసే అఖిల భారత పరిశోధన కేంద్రాల్లో ఒకటి గంగావతిలోనే ఉంది, మరొకటి మన బాపట్లలో ఉంది. ఆ కేంద్రాలు ఎక్కడ పెట్టారో చూస్తేనే జబ్బు ఎక్కడుందో తెలుస్తుంది.

మన ఉమ్మడి నల్లగొండ అనగానే నీటి విషయంలో అందరికీ గుర్తొచ్చేది ఫ్లోరైడ్. దానికీ ఈ ఉప్పుకూ చుట్టరికం ఉంది. గ్రానైటు రాళ్ల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి వస్తుంది. నీటిలో కాల్షియం సరిపడా ఉంటే ఫ్లోరైడ్ ఒక హద్దు దాటి పెరగదు, కాల్షియంతో కలిసి విడిపోతుంది. బోరు నీటిని పొలానికి పెట్టడం, అది చిక్కబడి మళ్లీ భూమిలోకి దిగడం, మళ్లీ తోడడం ఏళ్ల తరబడి జరిగితే, ముందుగా కాల్షియం సున్నంగా బయటికి పోతుంది. సోడియం, బైకార్బొనేట్ మిగులుతాయి. పట్టి ఉంచే కాల్షియం తగ్గాక ఫ్లోరైడ్ పెరుగుతుంది. మర్రిగూడ వైపు ఎముకలు వంగిపోయిన మనుషుల బాధకు మూలం రాయిలోనే ఉన్నా, నీటిని చిక్కబరిచే ప్రతి పనీ ఆ మూలానికి తోడవుతుంది. పటికతో, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరు పెట్టుకుంది. జబ్బుకు మన పేరు ఎక్కిన చోట, నివారణకు కూడా మనమే ముందుండాలి.

ఇప్పుడు లెక్కల సంగతికి వస్తాను. 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ 75 శాతం భరోసాతో కృష్ణలో 2,060 టీఎంసీలు ఉన్నాయని తేల్చింది. దానిపైన, ఆయకట్టుల నుంచి నదికి తిరిగి వచ్చే నీటిని మరో 70 టీఎంసీలుగా లెక్కించి పంచింది: మహారాష్ట్రకు 25, కర్ణాటకకు 34, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 11. అలా మూడు రాష్ట్రాల వాటాలు 585, 734, 811 అయ్యాయి. తిరుగు నీటిని గుర్తించి, దాన్ని హక్కుగా పంచిన దూరదృష్టి అది. కానీ ఆ 70 టీఎంసీలు లీటరుకు 1,000 మిల్లీగ్రాముల లవణం మోసుకొస్తాయనుకుంటే, వాటితో పాటు వచ్చే ఉప్పు దాదాపు 20 లక్షల టన్నులు. నీటి వాటాకు హక్కుదారులు ఉన్నారు. ఈ ఉప్పుకు బాధ్యులు ఎవరు?  కేంద్ర జల సంఘం మూసీపై దామరచర్లలో, కృష్ణపై విజయవాడలో నీటి నాణ్యతను కొలుస్తూనే ఉంది. ఆ అంకెలు పంపకాల బల్ల మీదికి రావు, రైతు చేతికీ రావు.

నదిలో నీరు ధారాళంగా ఉన్నప్పుడు ఇది పెద్ద బాధ కాదు. కృష్ణలో ఇప్పుడు ఆ ధారాళం లేదు. ఈ నదీ పరీవాహకం దాదాపుగా మూసుకుపోయిందని, అంటే ఉన్న నీరంతా ఎవరో ఒకరి వాడకానికి కట్టుబడిపోయిందని అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ 2007లో తేల్చి చెప్పింది. ఈ శతాబ్దం మొదట్లో వచ్చిన కరువేళ్లలో హంసలదీవి వద్ద సముద్రాన్ని చేరిన కృష్ణ నీరు నామమాత్రం. సముద్రానికి నీరు పోకపోతే ఉప్పూ పోదు. పరీవాహకంలోనే, మన పొలాల్లోనే, మన భూగర్భ జలాల్లోనే మిగులుతుంది. సముద్రంలో కలిసే నీరంతా వృథా అని మనకు చిన్నప్పటి నుంచి నేర్పారు. అందులో కొంత నీరు ఉప్పును మోసుకెళ్లే కూలీ చేస్తుంది. అది వృథా కాదు.

ఇక్కడ ఒక ధర్మసంకటం ఉంది, దాన్ని దాచకుండా చెప్పాలి. సాగర్ కుడి కాలువ ఆయకట్టులోని కోనంకిలో, కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఉప్పుగుండూరులో మన శాస్త్రజ్ఞులు నెదర్లాండ్స్ సహకారంతో భూమి లోపల రంధ్రాల గొట్టాలు పరిచి మురుగు తీశారు. ఉప్పు తగ్గింది, వరి కోలుకుంది. అది గొప్ప పని. కానీ గొట్టంలోంచి వెళ్లిన ఉప్పు ఎక్కడికో ఒక చోటికి వెళ్లాలి. పొలాన్ని కడిగితే నది ఉప్పవుతుంది. కడగకపోతే పొలం చౌడవుతుంది. దిగువ రైతుకు హాని చేయకుండా ఎగువ రైతును ఎలా కాపాడాలి?

ఈ చిక్కును ఇతర దేశాలు ఎదుర్కొన్నాయి. అమెరికాలో కొలరాడో నది చివర, 1961లో అరిజోనాలోని ఒక ఆయకట్టు తన ఉప్పు మురుగును నదిలోకి తోడడం మొదలుపెట్టింది. సరిహద్దు అవతల మెక్సికో రైతుల పంటలు దెబ్బతిన్నాయి. రెండు దేశాలు పన్నెండేళ్లు వాదించుకున్నాక, 1973లో మెక్సికోకు వదిలే నీటి ఉప్పదనానికి హద్దు పెట్టుకొని ఒప్పందం చేసుకున్నాయి. నీళ్లు ఇవ్వడం ఒక్కటే సరిపోదు, పంటకు పనికొచ్చే నీళ్లు ఇవ్వాలన్న సూత్రం అప్పుడు కాగితం మీదికి వచ్చింది. ఆస్ట్రేలియాలో మర్రే నది రాష్ట్రాలు మరో అడుగు ముందుకేశాయి. ఉప్పు పెంచే ప్రతి పథకం ఆ రాష్ట్రం ఖాతాలో అప్పుగా, తగ్గించే ప్రతి పని జమగా రాసుకుంటాయి. దక్షిణ ఆస్ట్రేలియాలోని మోర్గన్ వద్ద 95 శాతం కాలం ఉప్పదనం సెంటీమీటరుకు 800 మైక్రోసీమెన్‌లు మించకూడదని లక్ష్యం పెట్టుకున్నాయి. మన మూడు నాలుగు రాష్ట్రాలు నీటి కోసం పోరాడేంత పట్టుదలతో ఇలాంటి ఖాతా ఎందుకు పెట్టుకోకూడదు?

మనకు ప్రకృతి ఇచ్చిన ఒక వరం ఉంది. మెసపొటేమియాలో ఉప్పు పెరిగి గోధుమ పోయి బార్లీ మిగిలిందని చరిత్రకారులు చెబుతారు. అక్కడ ఉప్పును కడిగే వాన లేదు. మనకు వానాకాలం ఉంది. వాన నీటిలో లవణం దాదాపు ఉండదు. అది మళ్లను కడుగుతుంది, అప్పుడే నదికి వరద ఉంటుంది కనుక ఆ ఉప్పును మోసుకుపోతుంది. కాబట్టి మన సమస్య చేయిదాటలేదు. యాసంగిలో మనం ఎంత ఉప్పు తెచ్చిపెడుతున్నామన్నదే అసలు సంగతి.

ఈ నేల మీద ఏం చేయాలో నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది, ఉప్పును తగ్గించే చౌకైన మార్గం నీటిని తగ్గించడమే. నేను ఇందాక వేసిన లెక్క ప్రకారం ఎకరానికి పది సెంటీమీటర్ల నీరు తగ్గిస్తే దాదాపు 120 కిలోల లవణం ఆ పొలంలోకి రాకుండా ఆగినట్టే. వరి మడిలో ఎప్పుడూ నీరు నిలపకుండా తడి, ఆరు పద్ధతి పాటించడం, వీలున్న చోట డ్రమ్ సీడర్‌తో విత్తడం, యాసంగిలో ఆరుతడి పంటలకు మళ్లడం దీనికి దారులు. ఆరుతడి పంటకు గిట్టుబాటు ధర, కొనుగోలు భరోసా లేకుండా రైతును వరి మానమనడం న్యాయం కాదు. ఆ భరోసా ప్రభుత్వం ఇవ్వాలి.

రెండోది, మురుగు కాలువలకు సాగు కాలువలతో సమానమైన గౌరవం. 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి, 2010 నుంచి ప్రపంచ బ్యాంకు సాయంతో సాగర్ కాలువల ఆధునికీకరణ జరిగింది. ఇప్పుడు వాగులు, ఒర్రెలు, మురుగు కాలువలు పూడిక తీసి బతికించాలి. వేసవిలో మురుగు నీటిని నదిలోకి వదలకుండా కాలువ నీటితో కలిపి పంటకు వాడుకొని, మిగిలినదాన్ని వరద రోజుల్లో వదిలే ఏర్పాటు చేయాలి.

మూడోది, మట్టి వైద్యం. మట్టి పరీక్ష చేయించకుండా చౌడుకు మందు వేయొద్దు. కారుచౌడుకు పరీక్ష చెప్పిన మోతాదులో జిప్సం, పచ్చిరొట్టగా జీలుగ, ఆ తర్వాత నీటితో కడగడం, మురుగు బయటికి పోయే దారి. పాలచౌడుకు జిప్సం అక్కర్లేదు, మంచి నీటితో కడిగి మురుగు పోగొడితే చాలు. పొటాష్, భాస్వరం కూడా పరీక్షను బట్టే వేయాలి.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, కొలవడం. నీటి ఉప్పదనం కొలిచే మీటరు జేబులో పడుతుంది, దాన్ని హైస్కూలు పిల్లలు కూడా వాడగలరు. సేద్యపు నీరు 0.7 డెసీసీమెన్‌ల లోపు ఉంటే బెంగలేదు, 3 దాటితే ప్రమాదం అన్న హద్దులు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎప్పుడో ఇచ్చింది. మన సాగర్ ఎడమ కాలువ నీరు, మన ఊరి వాగు, మన బోరు, వాడపల్లి వద్ద మూసీ, మట్టపల్లి వద్ద కృష్ణ, పులిచింతల. ఈ ఆరు చోట్ల నెలనెలా కొలిచి, ఆ అంకెలు పంచాయతీ బోర్డు మీద రాయండి. నీటి సంఘాలు, కళాశాలలు, వ్యవసాయ శాఖ కలిస్తే దీనికి పెద్ద ఖర్చు లేదు. మూడేళ్ల అంకెలు చేతిలో ఉంటే ఎగువ రాష్ట్రాలనూ, హైదరాబాదు నగరాన్నీ, మనల్ని మనమూ నిలదీయగలం. అంకె లేని ఫిర్యాదును ఏ ట్రిబ్యునలూ వినదు.

ఈ నాలుగింటిలో మొదటి మూడు పొలానివి. నాలుగోది నదిది. దిగువన ఉన్న డెల్టా రైతు మన పొలం మురుగును తాగుతున్నాడు, ఎగువ వాళ్ల మురుగును మనం తాగుతున్నాం. ఈ బంధాన్ని ఒప్పుకున్నప్పుడే నీటి పంపకం న్యాయమవుతుంది. కృష్ణ నీటి మీద ఇక ముందు జరిగే ప్రతి ఒప్పందంలో, ప్రతి తీర్పులో, టీఎంసీల వరస పక్కన ఉప్పు టన్నుల వరస కూడా ఉండాలని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కలిసి అడగాలి. కె.ఎల్. రావు గారు నీటిని కొలతల్లో, లెక్కల్లో చూడటం దేశానికి నేర్పారు. ఆ లెక్కలో ఆయన తరం పూరించని గడిని మనం పూరించడమే ఆయనకు తగిన నివాళి. మొదటి కొలత ఈ నెలలోనే ఈ హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టమని సభకు విన్నవించుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.